నిండుకుంది

కువొపియోలో జనవరి.
మూడింటికే సరస్సు మీద మంచు నీలంగా మారి
దీపాలు అడుగుతుంది.
మూడో అంతస్తులో ఒర్వొక్కి పెసోనెన్
గ్లవ్స్ తొడుక్కుని ఇంక్యుబేటర్ తలుపు తీస్తుంది.
ముప్పై ఏడు డిగ్రీలు.
ఆ ఊళ్ళో జులై దాకా ఇంత వెచ్చన
ఈ పెట్టెలోనే.

పళ్ళేల్లో పెరుగుతున్నవి
ఒక పాలలారీ డ్రైవరు కాలేయంలోంచి వచ్చినవట.
మనిషి పోయి పదకొండేళ్ళు.
ముక్క మాత్రం
వారానికి రెండుసార్లు విడదీసి పంచకపోతే
చోటు చాలదని పోట్లాడుతుంది.

మామూలు కణానికి లెక్క తెలుసు.
లోపలి పొర గోడకి
ఒక కబురుగాణ్ణి కట్టేసి ఉంచుతుంది.
గోడలో కొలెస్టరాల్ దండిగా ఉన్నన్నాళ్ళూ
వాడు కదలడు.
తగ్గిందా,
రెండు కత్తెర్లు రెండుచోట్ల తెంపుతాయి.
సగం మనిషి, ఉత్త తలకాయ,
కేంద్రకంలోకి పరుగెత్తి
ఫలానా పుటలు తెరవమంటాడు:
పొయ్యి రాజెయ్యండి,
గుమ్మాలు పెంచండి,
నెత్తుటి దారిన పోయే కొవ్వుని కేకేసి పిలవండి.
కడుపు నిండాక
వాడి తర్వాతివాణ్ణి మళ్ళీ గోడకి కట్టేస్తారు.
అంతే కాపురం.

నా భాషలో
డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయనరు.
నిండుకున్నాయంటారు,
అడుగున సోల గీరుకుంటున్నా సరే.
లేమిని పేరుపెట్టి పిలిస్తే
ఇంట్లోనే ఉండిపోతుందని భయం.
ఈ డ్రైవరు కణాలు
ఆ మాటని తిరగేసి నేర్చుకున్నాయి.
గాదె పొంగి నేలమీద కారుతున్నా
లోపలికి వెళ్ళే కబురు ఒకటే:
నిండుకుంది, నిండుకుంది.
పొయ్యి ఆరదు.

ఒర్వొక్కి ఇవేవీ సిద్ధాంతాలుగా చెప్పదు.
పిపెట్లు సర్దుతూ ఒకసారి తైస్తో గురించి చెప్పింది.
వెన్న మనిషి.
రొట్టె మీద వెన్న కాదు, వెన్న కింద రొట్టె.
యాభై రెండో ఏట
వాకిట్లో మంచు ఎత్తుతూ పడిపోయాడు.
ఆమె బయటికొచ్చేసరికి
పార ఇంకా నిలబడే ఉంది.
వాళ్ళ భాషలో వెన్నా, అయ్యో
ఒకటే మాట: వొయ్.
ఆ రోజు తను ఏది అన్నదో
ఇప్పటికీ తెలియదంది.

యాల్మరికి ఇరవై ఎనిమిదేళ్ళు, రెండేళ్ళ పని.
చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కతో
కబురుగాడి జన్యువు నోరు నొక్కాడు.
మూడోనాటికి మాడి రాలిపోవాల్సిన కణాలు
పళ్ళెం అంచుదాకా పచ్చగా పరుచుకున్నాయి.
మైక్రోస్కోప్ మీద నుదురానించి అలాగే కూర్చున్నాడు.
ఒర్వొక్కి ఎరుపు ద్రవం సీసా వెలుతురుకి పట్టి చూసింది.
"ఇంట్లో పొయ్యి ఆర్పావు సరే,
క్యారేజీ రోజూ నేనే పంపిస్తున్నానుగా."
దూడనెత్తుటి సీరం.
అందులో ఉండే కొవ్వంతా.

కొవ్వు తీసేసిన సీరంతో మళ్ళీ మొదలు.
ఫిబ్రవరి సగం.
నాలుగోనాడు పలచబడ్డాయి,
అయిదోనాడు ముడుచుకుని, చిన్న చిన్న గుండ్లై
నేల వదిలి తేలాయి.
యాల్మరి కారిడార్లోకి పరిగెత్తి
ఎవరూ లేకపోతే వెనక్కొచ్చాడు.
ఒర్వొక్కి పక్క పళ్ళెం చూస్తోంది.
ఆరోగ్యమైన కణాలు. అవీ కాస్త వాడాయి.
ఎంత వాడాయో లెక్కపెట్టి
నోట్‌బుక్కులో ముందు అదే రాసింది.
"ఆకలి అందరిదీ, అబ్బాయ్.
ఎవరిది ముందు తగులుతుందో అదే నీ పని."

బస్సు దిగి నడుస్తుంటే
ఎవరో ముసలాయన మంచు ఎత్తుతున్నాడు.
ఆమె రోడ్డు దాటి
మాట్లాడకుండా ఆ పార అందుకుంది.
ఇంటికొచ్చేసరికి ఎనిమిది.
ఫ్రిజ్ తలుపు మీద చీటీకి
పాలు, రై రొట్టె, పేపర్ టవల్స్ కింద
ఒక్క మాట రాసింది:
వొయ్.
డబ్బా తీసి చూసింది.
అడుగున ఇంకా కొంచెం ఉంది.